ముత్యమన్న తప్పు లెక్క

ముత్యమన్న ఏ వస్తువునూ చేతికివ్వడు. విసురుతాడు. అదీ ఊరికే కాదు, కోణం లెక్కగట్టి మరీ.

పని కోసం వలసొచ్చిన కోసాడ్ బస్తీలో మాది రెండో అంతస్తు, ఆయనది ఎదుటి బిల్డింగు. మరమగ్గాల కార్ఖానాలో మెకానిక్. డ్యూటీ దిగి వస్తూ మాకు కూరగాయలు తెస్తాడు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేడు. అందుకని కింద నిలబడి, ఒక కన్ను మూసి, "చెల్లే, అరవై డిగ్రీల మీద పంపుతున్న. అరవై మీదనే దిగుతది, పట్టుకో!" అని అరుస్తాడు. ఆ టమాటా రెయిలింగుకు తగిలి పచ్చడవుతుంది. లేదంటే నా నెత్తిన పడుతుంది.

ఆ ఏడు మా జమున పన్నెండో తరగతి ఫిజిక్స్ తప్పింది. "నాతోని కాదమ్మా. మళ్ల రాయ. చీరలకు రాళ్లంటించే పనికి పోత" అని పుస్తకాలు మూటగట్టేసింది.

ఒక సాయంత్రం ఉల్లిగడ్డ తగిలి బాల్కనీ బల్బు పగిలింది. నేను నోరు తెరిచేలోపే జమున బయటికొచ్చింది.

"ఏంది మామా గిది! లేచిన ఎత్తుకే దిగితే గద కోణం సమానం? మా ఇల్లు పైకున్నది. పోంగ పోంగ పైకి పోయే వేగం తగ్గుతది, ముందుకు పోయేది తగ్గది. అరవైకి తక్కువనే దిగుతది!"

"అవునా బిడ్డా? జర రాసి చూపియ్యరాదు!"

మూట విప్పి, పుస్తకంతో కిందికి దిగింది. ఇక రోజూ ఆయనదొక తప్పు, దీనిదొక పాఠం. మా బిల్డింగు కింది గోడల నిండా సుద్దముక్క గీతలే.

రెండో బల్బూ పగిలాక నాకు ఒళ్లు మండి, కడిగేద్దామని కార్ఖానాకే వెళ్లాను. ముత్యమన్న ఎవరితోనో ముచ్చట పెడుతూ, అటు చూడకుండానే దారం చుట్టే ఖాళీ బాబిన్లు అటక మీది బుట్టలోకి విసురుతున్నాడు. పదికి పదీ బుట్టలోనే పడ్డాయి.

"ఏందన్నా గిది?"

నాలుక కరుచుకున్నాడు. "జమునకు చెప్పకు చెల్లే. నాకు పాఠం చెప్పేటప్పుడు పిల్ల ముఖం చూసినవా? తనకు రాదన్న సంగతే మరిచిపోతది."

"మరి నా నెత్తిన పడ్డయి?"

"అవి నిజంగనే గురి తప్పినయి."

కొట్లాడడానికి వెళ్లినదాన్ని కళ్లు తుడుచుకుంటూ వచ్చాను. జమునకు అనుమానం రాకూడదని ఆ రోజు నుంచి ఆయన్ని ఇంకా గట్టిగా తిట్టాను.

జమున పాసయింది. కాలేజీలో సీటొచ్చిన రోజు నా పక్కన కూర్చుని దిగులుగా అంది: "పాపం అమ్మా, ముత్యం మామకు ఇంకా లెక్క రాలే. కాలేజీకి పోయినా రోజూ పొద్దూకినంక చెప్పాలె."

"చెప్పు బిడ్డా" అన్నాను, "ఆయనకు నువ్వు తప్ప దిక్కెవరు!"