మా అత్త కుర్చీ, పెదనాయన షట్టరు

ఈ ఉదయం దుకాణంలో అగరొత్తి వెలిగించి ఫోన్ తెరిస్తే హాంగ్‌కాంగ్ కనిపించింది. ఇంగ్లీషువాళ్లు ఎన్నడో ఆ ఊరిని చైనాకు అప్పగించిన రోజట, ఏటా పండగ చేస్తారు. రేవులో పడవలన్నీ ఎర్రజెండాలు కట్టుకుని తిరుగుతున్నాయి, ఒడ్డున జనం గొడుగులు పట్టుకుని నిలబడ్డారు. ఇక్కడ మా పటాన్‌చెరులో మబ్బు పట్టి కూడా చినుకు రాల్చకుండా బెట్టు చేస్తోంది. ఫోన్ మా మేనత్త ముందు పెట్టాను. ఆమె జెండాల వంక చూడలేదు, గొడుగుల వంక చూసింది. “ఇయ్యాల గూడ పడ్డది” అని, తన మాట నెగ్గినట్టు కుర్చీలో వెనక్కి వాలింది.

మా తాతకు పెదనాయన, మా నాయన, ఆ తర్వాత ఈ అత్త. సంగారెడ్డి బజారులో మా ఇంటివాళ్లది గొడుగులు, రెయిన్‌కోట్లు, లారీల మీద కప్పే తాడిపత్రుల దుకాణం. వానాకాలమంతా అమ్ముకుని, మిగతా ఏడాదంతా ఆకాశాన్ని తిట్టుకునే వ్యాపారం. నాకు మాటలకంటే ముందు బేరం వచ్చిందని మా అమ్మ అనేది. పాలు తాగినందుకు బెల్లం ముక్క అడిగేదాన్నట. అత్త మొగుడికి హాంగ్‌కాంగ్‌లో ఒక సింధీ బట్టల వ్యాపారి దగ్గర పని దొరికితే, పెండ్లయిన ఏడాదే ఆమె కూడా అక్కడికి వెళ్లింది. ఆ ఊరు అప్పటికింకా ఇంగ్లీషు రాణిదే. పిల్లలు కలగలేదు. ఊరు చేతులు మారిన ఏడాదే మామ గుండె ఆగి పోయాడు. అత్త ఒక్క సూట్‌కేసుతో, బొట్టు లేని నుదురుతో సంగారెడ్డికి తిరిగి వచ్చింది.

సూట్‌కేసు కాకుండా ఆమె తెచ్చుకున్నదల్లా ఒక వింత పంచాంగం. అక్కడి ప్రతి సెలవుకూ ఒక వాతావరణం అతికించి ఉండేది. చీనావాళ్ల కొత్త సంవత్సరానికి జల్లెడ పట్టినట్టు సన్నటి వాన. ఆ వెనకనే గోడలకు చెమటలు, పెట్టెలో చీరలకు బూజు. రాణి పుట్టినరోజు సెలవుకు కుండపోత. యుద్ధంలో ఓడి జపానువాళ్లు వెళ్లిపోయినందుకు ఆగస్టు చివర ఇంకో సెలవు. అవి తుఫానుల రోజులు కాబట్టి రేవులో పెద్ద హెచ్చరిక గుర్తు ఎక్కిందంటే పడవలు ఆగి, దుకాణాలు మూతపడి, సెలవు మీద సెలవు. ఇక ఊరు అప్పగించిన రోజయితే, సిపాయిల టోపీల మీంచి నీళ్లు కారుతుంటే జెండా దించారట. మామ లేని గదిలో కిటికీ దగ్గర ఒక్కతే కూర్చుని ఆమె ఆ వాన చూసిందట. ఆమె మినప్పప్పు కడుగుతూ ఇవన్నీ చెబుతుంటే పిల్లలం మాకెవరికీ అన్నం గుర్తొచ్చేది కాదు. పెదనాయన మాత్రం “షురువైంది హాంగ్‌కాంగ్ పంచాంగం” అని చెప్పులేసుకునేవాడు.

మరుసటి ఏడాది మృగశిర కార్తె ఎక్కగానే పెదనాయన పటాన్‌చెరులో రెండో దుకాణం తెరిచాడు. పాశమైలారం ఫ్యాక్టరీలకు పోయే జనమంతా దిగే చోట, రోడ్డు మీదనే షట్టరున్న గది, మడిగె. మా ఇళ్లల్లో కొత్త దుకాణానికి బోణీ, అంటే మొదటి కొనుగోలు, ఇంటి ఆడబిడ్డ చెయ్యాలి. అది ఆమె హక్కు. అన్నదమ్ములు అలిగినా ఆ హక్కు అలగదు. సంగారెడ్డి దుకాణానికి పెండ్లికి ముందు అత్తే చేసింది, ఆ దుకాణం ఎట్లా నడిచిందో బజారంతా చూసింది. ఆ ఉదయం ఆమె తలస్నానం చేసి, గంజిపెట్టిన నూలు చీర కట్టుకుని, రాణి బొమ్మ ఉన్న నాణేన్ని పసుపు నీళ్లతో కడిగి కొంగున ముడి వేసుకుంది. కొబ్బరికాయ కొట్టారు. అత్త ముందుకు వచ్చింది. పెదనాయన కోపంగా కూడా అనలేదు, కుర్చీ చూపించినంత మర్యాదగా అన్నాడు.

“చెల్లె, నువ్వు జెర లోపల కూసో. నీ వదినె చేస్తది.”

పెద్దమ్మ బోణీ చేసింది. అత్త వెనక గదిలో రబ్బరు బూట్ల మూటల మధ్య కూర్చుంది. నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆ రబ్బరు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. కొత్త సరుకు విప్పినప్పుడల్లా నాకు ఆకలి కాదు, కక్ష పుడుతుంది. అత్త ఏడవలేదు. రాణి పుట్టినరోజు సెలవు సరిగ్గా ఈ రోజుల్లోనే వచ్చేదని, అప్పుడు మెట్ల మీంచి నీళ్లు కాలువలా దిగేవని చెబుతూ కొంగు ముడి విప్పి, మళ్లీ వేసి, మళ్లీ విప్పింది.

కొందరు చదువుకుని పైకి వస్తారు, నేను పగబట్టి పైకి వచ్చాను. పెండ్లయ్యాక మా ఆయన కిరాణం పెడదామన్నాడు, కొల్లూరులో అన్నాడు, జిన్నారంలో అన్నాడు. నేను మాత్రం పెదనాయన దుకాణానికి నేరుగా ఎదురుగా మడిగె ఖాళీ అయ్యేదాకా ఆయన్ని ఆపి, అది ఖాళీ కాగానే కిరాయికి తీసుకుని, గొడుగులే పెట్టాను. తెరిచింది హాంగ్‌కాంగ్ అప్పగింత తారీఖున, జూలై ఒకటిన. బోణీ అత్త చేత. ఆ రోజు వాన పడుతుందని, పెదనాయన చూస్తుండగా జనం నా దుకాణంలోకి తోసుకొస్తారని నా లెక్క. ఆ రోజు ఎండ ఎట్లా కాసిందంటే, వేలాడదీసిన రెయిన్‌కోట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పెదనాయన రోడ్డు దాటి వచ్చి, ఫ్యాను కింద నిలబడి, “ఏందే బిడ్డా, మీ అత్త వాన ఇంకా ఓడ ఎక్కలేదా?” అని అడిగి పోయాడు. ఆ వారంలో నేను గొడుగులకంటే చేతిరుమాళ్లు ఎక్కువ అమ్మాను.

వానలు పడ్డాక కూడా నా పగ తీరలేదు, ఎందుకంటే వాన ఇద్దరి రేకుల మీదా ఒకేలా పడింది. పగ తీర్చింది వాన కాదు, కుర్చీ. అప్పటికి నా దగ్గరే ఉంటున్న అత్తకు మోకాళ్ల నొప్పులు కాబట్టి దుకాణం గుమ్మంలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశాను. పెదనాయన షట్టరు ఎత్తి వెనక్కి తిరిగితే కనబడే మొదటి మనిషి ఆమె. పొద్దున్నే విధవ ఎదురైతే ఆ పూట వ్యాపారం మట్టి అని ఆయన నమ్మకం. ఎదురైతే ఇంటికి పోయి, కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయలుదేరాలి. ఇల్లు వెనక సందులోనే కాబట్టి మొదట్లో రోజుకోసారి పోయి నీళ్లు తాగేవాడు. తర్వాత రెండుసార్లు. పొద్దున షిఫ్టుకు పోయేవాళ్లు షేర్ ఆటోలు దిగే వేళకు ఆయన ఇంట్లో చెంబు పట్టుకుని కూర్చుని ఉండేవాడు, జనం నా దగ్గర రెయిన్‌కోట్లు కొనేవాళ్లు. విషయం అర్థమైన రోజునుంచి అత్త టిఫిను, చాయ్, మందుబిళ్లలు అన్నీ కుర్చీ దగ్గరికే తెప్పించాను. ఆమె లేచి లోపలికి పోతానంటే ఎక్కడలేని ప్రేమ ఒలకబోసి కూర్చోబెట్టేదాన్ని.

చివరకు పెదనాయనే వచ్చాడు. నా వైపు చూడకుండా, అత్త వైపూ చూడకుండా, వేలాడే గొడుగులతో మాట్లాడినట్టు అన్నాడు.

“చెల్లె, గా కుర్చీ జెర పక్కకు జరుపుకోరాదూ? దుకాణం నడుస్తలేదు.”

ఒక్క మాట, తప్పయిందని ఒక్క మాట అంటాడేమోనని నేను గొడుగు మడతపెడుతూ చెవులు అటే పెట్టాను. అనలేదు. అత్త చాయ్ గ్లాసు కింద పెట్టింది.

“అన్నా, గప్పుడు లోపల కూసోమన్నవ్, కూసున్న. ఇగ లోపల కూసోను.”

మరునాటి నుంచి ఆమె కనబడకుండా ఆయన తన దుకాణానికే ఒక పచ్చ తాడిపత్రి అడ్డం కట్టుకున్నాడు. లోపల లైటు వేసుకుని, గిరాకీ కోసం చూస్తూ కూర్చున్నాడు. బిహారు కూలీ ఒకడు ఆ తాడిపత్రి ముందు కాసేపు నిలబడి, రోడ్డు దాటి వచ్చి, “దీదీ, వో దుకాన్ బంద్ హో గయా క్యా?” అని అడిగాడు. అవును, మూసేశారన్నాను. ఆ వానాకాలమంతా ఎవరడిగినా అవుననే అన్నాను. దసరా నాటికి నా మాట నిజమైంది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు బాగుచేస్తారు.

గెలిచాననుకుని చాలా ఏళ్లు హాయిగా నిద్రపోయాను. ఈ వేసవిలో పెద్దమ్మ పోయింది. కర్మలు అయ్యాయో లేదో, మా వరసలోనే ఒక టిఫిన్ సెంటరు తెరిచారు. పొయ్యి వెలిగించడానికి, మొదటి ఇడ్లీ ప్లేటు కొనడానికి పిలిచింది ఎవరినో కాదు, పెదనాయననే. బజారులో పెద్దమనిషి కదా. తెల్ల పంచె, నుదుట కుంకుమ, మెడలో పూలదండ. ఎవరూ పక్కకు తప్పుకోలేదు, ఎవరూ నీళ్లు తాగడానికి ఇంటికి పోలేదు. జనం చప్పట్లు కొట్టారు. అత్త కుర్చీలోంచి అంతా చూసి, కోపం లేకుండా, ధర తెలియక అడిగినట్టు నన్ను అడిగింది.

“గాయనకు గూడ పెండ్లాం పోయింది గద బిడ్డా. మరి ఎవ్వరేమంటలేరేంది?”

నేను మడతపెట్టిన గొడుగునే విప్పి మళ్లీ మడతపెట్టాను. ఒక షట్టరు మూయించి ఊరినే గెలిచానని మురిసిపోయిన తెలివి నాది. కాలం అన్నిటినీ మరిపిస్తుందని పెద్దలంటారు. ఎన్ని వానాకాలాలు వచ్చిపోయినా, కాలంతో నా బేరం మాత్రం ఇంకా కుదరలేదు.