బొమ్మలింకా పుట్టలేదండీ

మాది కొట్లవాళ్ల కుటుంబం. బేరానికి లొంగని మనిషి ఉండడని నమ్మి పెరిగాను. తొంభైల చివర్లో ఓ మధ్యాహ్నం, కొండపల్లి నుంచి బెజవాడ వచ్చే బస్సులో ఆ నమ్మకం కాస్తా పోయింది.

రైలు గేటు పడి బస్సు ఆగింది. కిటికీ పక్కన ఇరుక్కుని కూచున్నాను. నా కాళ్ల దగ్గరి గోతాంలో అడవిలో దొంగతనంగా కొట్టిన పొణికి చెక్క ఉంది, కొండపల్లి బొమ్మలు చెక్కేది. పక్క సీట్లో ఖాకీ చొక్కా వేసుకున్న పెద్దాయన.

“గోతాంలో ఏంటండీ?” అన్నాడు.

“బొమ్మలండీ, మా కొట్టుకి.”

ఆయన వంగి వాసన చూశాడు. “పచ్చి పొణికండీ ఇది. బొమ్మలింకా పుట్టలేదు. నేను అడవి వాచర్ని.”

లేచి పారిపోదామంటే ఆయన మోకాళ్లు అడ్డం. అయినా పాడు నోరు ఊరుకుంటుందా? “పోనీ సగం మీరు తీసుకోండి గురువుగారూ!” అన్నాను.

ఆయన నవ్వాడు. “పదిహేడేళ్లు మిలిటరీలో చేశానండీ. ఎక్కువగా మంచులోనే. కనుచూపు మేర ఒక్క చెట్టుండేది కాదు. తిరిగొచ్చాక ఈ ఉద్యోగం అడిగి మరీ తీసుకున్నా. అలాంటి చెట్టులో సగం ఎంతకి వదులుకోమంటారు?”

నాకు ధర తట్టలేదు.

గేటు లేచింది. ఆయన మోకాళ్లు పక్కకి తిప్పి దారిచ్చాడు. “మీరు దిగొచ్చండీ. చెక్క మాత్రం దిగదు.”

“ఖాళీ గోతామైనా ఇప్పించండి,” అన్నాను, సిగ్గు లేకుండా.

చెక్కంతా తన కాళ్ల దగ్గర గుమ్మరించుకుని, గోతాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టాడు.

ఆ గోతాం ఇంకా మా కొట్లోనే ఉంది. అటవీ శాఖ డిపో చీటీ లేని చెక్క అందులోకి మళ్లీ ఎక్కలేదు.