అలిగిన పసివాడు

హైటెక్ సిటీ కట్టడానికి మాదాపూర్‌లో బండలు పేలుస్తున్న రోజులవి. పేలుడు అయ్యేదాకా మా సిటీ బస్సును ఆపేశారు. బండ పేలగానే బస్సంతా ఉలిక్కిపడింది గానీ, నా పక్కన బురఖాలో కూర్చున్న అమ్మాయి ఒళ్లోని పసిగుడ్డు మాత్రం కన్ను తెరవలేదు.

“పొద్దున సున్తీ చేయించినం అక్కా,” అందామె. “అప్పటి సంది పాలు తాగుతలేడు, పండుకునే ఉన్నడు. మళ్ల దవాఖానకే తీస్కపోతున్న. నామీద అలిగిండేమో.”

“అలక కాదమ్మా, నొప్పి. మా తమ్ముడైతే చెవులు కుట్టించిన రోజు రొమ్ము ముట్టలేదు. మర్నాడు మొదలుపెడితే మా అమ్మ పాలు చాలక, ఎదురింటి గేదె తనే వచ్చి తలుపు కొట్టింది,” అన్నాను.

నాకు అసలు తమ్ముడే లేడు.

ఆమె నవ్వింది. ఆ నవ్వుకు ఆమె ఒళ్లంతా కదిలేసరికి, పసివాడు పెదాలు ఆడించాడు. గబుక్కున వాణ్ణి బురఖా లోపలికి తీసుకుంది.

“పట్టిండు,” అంది గుసగుసగా. నేను కథ ఆపేశాను. కాసేపటికి ఆమె ముఖం వాడిపోయింది. “మళ్ల ఆపిండు. జర ఇంకింత చెప్పక్కా.”

బస్సు కదిలింది. నా స్టాపు దాటేసరికి ఆ గేదెకు పెళ్లి కూడా చేశాను. లోపల్నుంచి గుటకల చప్పుడు వినిపిస్తూనే ఉంది.