అత్తగారు ఊడదీయలేని తాళం

ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు ఉతికే పెద్ద లాండ్రీలో కరెంటు పనులు చూసే మనిషి ఆమె. అందరూ కరెంటక్క అంటారు. మోటారు మూలుగు విని రోగమెక్కడో చెప్పేస్తుంది. బట్టలు ఆరబెట్టే డ్రమ్ము మొరాయిస్తే మోకాళ్ళ మీద లోపలికి దూరి బోల్టులు బిగించేది. దూరేముందు బోర్డులో ఆ యంత్రానికి కరెంటు ఇచ్చే బ్రేకరు దించి, ‘వేయవద్దు’ అని రాసిన అట్టముక్కను టేపుతో అంటించేది. అక్కడ అందరూ చేసేదదే.

ఒకరోజు ఆవిరికి టేపు ఊడి, అట్ట బోర్డు వెనక్కి జారిపోయింది. యంత్రాలు నడిపే తొందరయ్య వచ్చి చూశాడు. అతని అసలు పేరు భార్యకైనా గుర్తుందో లేదో. బ్రేకరు దిగి ఉంటే ఎవరో మరిచిపోయారనుకుని పైకెత్తి, బటన్ నొక్కాడు. డ్రమ్ము కదిలింది. లోపలినుంచి కేక వినపడింది. అతను చప్పున ఆపేశాడు గనక భుజం కమిలి, మోచేయి చీరుకుపోవడంతో గండం గడిచింది.

తొందరయ్య నేల మీద కూలబడ్డాడు. “నా చేతుల్తో నిన్ను చంపేసేవాణ్ణక్కా.”

“నువ్వేం చేస్తావు తమ్ముడూ? అట్టముక్కని నమ్ముకుని దూరింది నేను,” అందామె, చేతికి కట్టు కట్టించుకుంటూ.

కోపం రాలేదని కాదు. కానీ ఆ కోపం ఇతని మీద తీర్చుకుంటే రేపు ఇంకొకడు ఇదే పని చేస్తాడని ఆమెకు తెలుసు.

మర్నాడు మేనేజరు తనే వచ్చాడు. “బ్రేకరుకి తాళం వేసే సామాను దొరుకుతుందటమ్మా. తెప్పిస్తాను. మనకి పనికొచ్చేదేదో నువ్వే చూసి చెప్పు.”

నమూనాకి నాలుగు రకాలు వచ్చాయి. అన్నింటి పనీ ఒకటే. దించిన బ్రేకరు మీటను పట్టుకుని పైకి లేవనివ్వకూడదు. దానికి తాళం వేసి, లోపలికి దూరే మనిషి చెవిని జేబులో వేసుకోవాలి. ఆమె స్టోర్లో పారేసిన పాత బ్రేకర్లు ఏరి, ఒక చెక్కకి బిగించి ఇంటికి పట్టుకొచ్చింది.

మొదటిది చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ దాని పిన్నులు దూరాలంటే మీట పక్కన చిల్లులుండాలి. లాండ్రీలో సగం బ్రేకర్లు చిల్లుల్లేని పాతకాలం సరుకు. దాన్ని పక్కన పెట్టింది. మిగతా మూడూ మరమేకుతో మీటను కరిచిపట్టుకునేవి. వాటికి తాళాలు వేసి అత్తగారిని పిలిచింది.

అత్తగారు బనియన్ల మిల్లులో చేసి రిటైరైన మనిషి. మూత రాని సీసాలూ, ఇరుక్కున్న సొరుగులూ ఇరుగుపొరుగు ఆవిడ దగ్గరికే తెస్తారు.

“అత్తయ్యా, తాళంచెవి లేకుండా వీటిని ఊడదీయండి.”

“విరిగితే నన్ననకూడదు మరి.”

“విరగ్గొట్టమనే పిలిచాను.”

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, తలలోంచి పిన్ను తీసి ఒకదాని సందులో దోపి ఆడించింది. అది తాళంతో సహా చేతిలోకి వచ్చేసింది. రెండోదాన్ని తిప్పి చూసింది. “తాళం వేశావు సరే, మరమేకు తల బయటే వదిలేశావేమే?” అంటూ వేళ్ళతోనే వదులుచేసి లాగేసింది.

గుమ్మంలో నిలబడ్డ కరెంటక్క భర్త నవ్వాడు. “మా అమ్మకి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదు.”

“నువ్వెళ్ళి పాలు చూడరా, పొంగిపోతున్నాయి.”

మూడోదానికి తాళం పడగానే మరమేకు మూత కిందికి వెళ్ళిపోతుంది. ఆవిడ లాగింది, మెలిపెట్టింది, పిన్ను వంకరపోయింది. చివరికి చెక్కను కోడలి వైపు తోసింది.

“ఇది నాకు లొంగదమ్మాయ్. ఇదే తీసుకో. ఇంక నువ్వు పనికెళితే గుమ్మం వైపు చూస్తూ కూర్చోను.”

భుజం సంగతి ఇంట్లో తేలిగ్గా చెప్పి దాటేశాననుకుంది కరెంటక్క. ఆవిడ కళ్ళలో తడి చూశాక గాని తెలియలేదు, ఆ మాట ఎవరూ నమ్మలేదని.

లాండ్రీలో బిగించి చూస్తే బోర్డు తలుపు మూసుకోలేదు. తాళం లావైంది. సన్నటి తాళాలు తెప్పించింది. ఇద్దరు దూరినప్పుడు రెండు తాళాలు పట్టే కొక్కెం కూడా అడిగింది. తాళానికి ఒక్కటే చెవి ఉండాలని, ఆఫీసులో కూడా నకలు ఉండకూడదని పట్టుబట్టింది.

మేనేజరు నసిగాడు. “చెవి పోతే ఎలాగమ్మా?”

“పోతే మనిషి బయట ఉన్నాడని చూసుకుని తాళం కోద్దాం సార్. మనిషే పోతే ఏం కోస్తాం?”

ఆయన ఆర్డరు కాగితం మీద సంతకం పెట్టాడు.

కొన్నాళ్ళకు ఒక డ్రమ్ము బేరింగు పోయింది. ఆమే, ఫిట్టరూ చెరొక తాళం వేసి, బటన్ నొక్కినా కదలదని చూసుకుని దూరారు. గేటు దగ్గర ఆసుపత్రి లారీ హారన్ల మీద హారన్లు కొడుతోంది. ఫిట్టరు పని ముగించి తన తాళం తీసుకుని చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. లారీ డ్రైవరు లోపలికి వచ్చేశాడు. “అయిపోయిందిగా, వెయ్యవేంటి?”

తొందరయ్య బోర్డుకి అడ్డంగా నిలబడ్డాడు. “ఇంకో తాళముంది. అక్క లోపలుంది.”

ఆమె తాపీగా బయటికొచ్చింది. జుట్టుకంటిన దూది దులుపుకుని, తన తాళం తీసి జేబులో వేసుకుంది.

“వేసుకో తమ్ముడూ.”

తొందరయ్య వంగి, డ్రమ్ములోకి తల పెట్టి ఒకసారి తనే చూసుకుని, అప్పుడు బ్రేకరు ఎత్తాడు.