రాణిగారి వరస, మా అత్త వరస

మా బంధువుల్లో మా అత్త గురించి ఒక మాట ఏళ్ళ తరబడి తిరుగుతోంది. మేలూరు సంబంధాన్ని ఆమే గర్వంతో కాదన్నదని. అది నిజం కాదు. అసలు సంగతి మొత్తం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, చెప్పాల్సిన రోజున నేను నోరు విప్పలేదు.

మొన్న కోయంబత్తూరులో ఒక అంగడి ముందు కొత్త చింతపండు బస్తా విప్పుతుంటే, ఆ పులుపు వాసన ముక్కుకు తగిలి అక్కడే నిలబడిపోయాను. సూలూరులో మా ఇంటి ముందు, ఉగాదికి ముందొచ్చే మాసి నెల ఎండలో, పక్కింటి మగ్గాల చప్పుడు తెంపు లేకుండా వినిపిస్తుండగా, ఎగిరిపోయే విమానాల నీడ అప్పుడప్పుడూ వాకిలి మీదుగా జారిపోతుండగా, ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని చింతకాయలు కొట్టేవాళ్ళు. గింజలన్నీ మాకు. ఇసుకలో వేయించి, పొట్టు తీసి, ఉప్పునీళ్ళలో నానేసి బుగ్గన పెట్టుకుంటే బడి వదిలేదాకా కరిగేవి కావు. ఉగాదికి ఒబ్బట్లు చేసేటప్పుడు వచ్చే బెల్లం వాసనతో మాకు ఆ పులుపు కాలం ముగిసేది.

తినగా మిగిలిన గింజలను మా అవ్వ, అంటే నాన్నవాళ్ళ అమ్మ, ఒక డబ్బాలో దాచేది. అవి ఆమెకు మనుషులు. మగవాడికి చింతగింజ, ఆడదానికి గురివింద గింజ. ఎవరింట్లో పెళ్ళిమాట వచ్చినా వాటిని నేలమీద పేర్చి ఎవరికి ఎవరు ఏమవుతారో తేల్చేది. వరసను అరవనాట మా తెలుగు ఇళ్ళలో మొర అంటారు. మొర కుదరకపోతే ఎంత మంచి సంబంధమైనా వాకిలి దాటి లోపలికి రాదు.

అత్త మా నాన్న చెల్లెలు. నాకు అన్నం కలిపి పెట్టేది, బడికి తయారుచేసేది, పక్కన పడుకోబెట్టుకుని కథలు చెప్పేది అన్నీ ఆమే. అరవ పత్రికల్లో ఇంగ్లండు రాణి బొమ్మ కనబడితే చాలు, కత్తిరించి బియ్యప్పెట్టె మూతకు లోపలివైపు అంటించేది. రాణి కొడుకు పెళ్ళప్పుడు ఒక పత్రికవాళ్ళు వాళ్ళ వంశమంతా కొమ్మలు గీసి వేశారు. అత్త చదువుతుంటే అవ్వ ఒక్కొక్కరికీ గింజ పెట్టుకుంటూ వచ్చింది. అంతకుముందు ఎప్పుడో చాలా కాలం ఏలిన ముసలి రాణి ఒకామె. ఆమె కొడుకు, కూతురు అన్నాచెల్లెళ్ళు. ఆ కొడుక్కి కొడుకు, ఆ కూతురికి కూతురు, వాళ్ళు బావామరదళ్ళు. బావామరదళ్ళు వేరువేరుగా పెళ్ళి చేసుకుంటే వాళ్ళ పిల్లలు అక్కాతమ్ముళ్ళ వరస. ఆ తమ్ముడి కూతురు ఇప్పటి రాణి, ఆ అక్క కొడుకు ఆమె మొగుడు.

అవ్వ చివరి రెండు గింజలనూ పక్కపక్కకు జరిపింది.

“మొరకు సరిగా ఉండాదే. మేనత్త కొడుకునే కట్టుకొనింది. మనవాళ్ళ మాదిరే.”

“అయితే పెళ్ళికి పిలవలేదని కోపమా అమ్మా నీకు?” అంది అత్త.

“పిలిచింటే ఒబ్బట్లు ఎత్తుకొని పోయుందును.”

మరుసటి ఏడు వేసవిలో ఒట్టన్‌చత్రం సంతలో వ్యాపారం చేసే మా మామ నన్ను కూరగాయల లారీలో మేలూరుకు తీసుకుపోయి, మా ముత్తాత చెల్లెలి ఇంట్లో, అంటే తాత మేనత్త ఇంట్లో, దించాడు. రాతిక్వారీల దుమ్ముతో చెట్ల ఆకులన్నీ తెల్లగా ఉండేవి. ముసలావిడకు చెవుడు. ఆ ఇంటి ఆమె ఒకతె ఆవిడ చెవి దగ్గర వంగి, “అత్తా, మీ అన్న ఇంటి మునిమనవడు వచ్చుండాడు” అని అరిచింది. ఆ అరిచినామె కొడుకు నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాడు. అతను మదురైలో ఒక పెళ్ళిలో మా అత్తను చూశాడట. నేనున్న నాలుగు రోజుల్లో ఏదో ఒక వంకతో ఆమె మాటే అడిగాడు.

కొన్నాళ్ళకు వాళ్ళు పిల్లను అడుగుతూ కబురు పెట్టారు. తాత అప్పటికే లేడు. ఇంట్లో పెద్దవాళ్ళకు మేలూరుతో రాకపోకలు తగ్గిపోయి చాలాకాలమైంది. అవ్వ గింజలు పేర్చింది. ముసలావిడకు గురివింద, దాని కింద ఇంకో గురివింద, దాని కింద పిల్లవాడికి చింతగింజ.

“ఆమె కూతురి కొడుకు గదా. కూతురు మీ నాయనకు మరదలు. మరదలి పిల్లలు మన పిల్లలకు అన్నదమ్ములు. ఇది కాదప్పా,” అంది నాన్నతో.

రెండో గురివింద తప్పు. అవ్వ తన పెళ్ళినాడు ముసలావిడ కొంగు పట్టుకుని తిరిగిన పిల్లను కూతురనుకుంది. ఆ పిల్ల చేరదీసిన పిల్ల, పెద్దయ్యాక ఆ ఇంటి కోడలే అయింది. నేను చెవులారా విన్నాను, ఆమె ముసలావిడను అత్తా అని పిలవడం. అక్కడ చింతగింజ ఉండాలి. కొడుకు కొడుకైతే అతను అత్తకు బావ. రాణి వంశం పేర్చిన సాయంత్రం నుంచి ఆ లెక్క నాకు వచ్చు.

అత్త వంటింటి గడపలో గరిటెతో నిలబడి ఉంది.

“సరిగా చూసినావా అమ్మా?”

“రాణి మొరే చూసినాను, నీ మొర చూడలేనా?”

అత్త లోపలికి పోయింది. ఆమె మేలూరు పోతే నా పక్కన ఎవరు పడుకుంటారు? నాకు తోచింది అదొక్కటే. మొర కుదరలేదని కబురు వెళ్ళింది. కాదనడానికి అదొక మర్యాద, పిల్లకే గర్వం అనుకుని వాళ్ళూ తిరిగి అడగలేదు. తర్వాత వచ్చిన సంబంధాలు ఒక్కొక్కటే ఏదో కారణాన తప్పిపోయాయి. అత్త పక్కింటి మగ్గాలకు నూలు చుట్టింది, అవ్వ పోయాక ఆ మగ్గాల షెడ్డు మొత్తం తానే చూసుకుంది. నేను చదువుకుని, పెళ్ళి చేసుకుని, వేరే ఇంటికి మారాను.

ఇప్పుడు చింతపండు గింజ తీసి పొట్లాల్లో వస్తోంది. మా పిల్లలకు మొర అంటే అరవంలో పద్ధతి అనే అర్థం తప్ప తెలియదు. మేనత్త కొడుకును చూపిస్తే కజిన్ అంటారు. గింజలు పేర్చి మనుషులను కలిపే అవ్వలు మా వీధిలో ఒక్కరూ లేరు.

రాణి పోయినప్పుడు అందరం అత్త ఇంట్లో టీవీ ముందు చేరాం. డెబ్భై ఏళ్ళు ఏలిందని అత్త ఎవరికో చెబుతోంది. మా చిన్నాన్న కొడుకు నవ్వుతూ, “మన ఇంటి రాణి మాత్రం ఏం తక్కువ? మేలూరు మాప్పిళ్ళ సంబంధాన్నే వద్దనింది గదా,” అన్నాడు. అత్త ఎప్పటిలాగే కాఫీ లోటాలు తీయడానికి లేచింది.

ఆమెను కూర్చోమని, అందరి ముందూ మొదటినుంచి చెప్పాను. అత్త లోటాలు కింద పెట్టింది. ఆమే అడిగింది.

“మేలూరులో వాళ్ళు అత్తాకోడళ్ళు ఒద్దికగా ఉండిరా?”

“ఉండిరి అత్తా. ఆమె ముసలావిడకు అన్నం తినిపిస్తా ఉండె.”

అత్త తల ఊపింది. నేను ఆమె ముందు నేలమీద కూర్చున్నాను.

“నువ్వు వద్దనలేదత్తా. నేను నోరు మూసుకొని నిన్ను ఈ ఇంట్లోనే ఉంచేసినాను. నన్ను మన్నించు.”