చియో పీకాలనుకున్న మేకు

గ్రేసమ్మది బాపట్ల. నర్సింగ్ చదివి న్యూజిలాండ్ వచ్చి, పాపకూర అనే ఊళ్లో ఒక రెస్ట్‌హోమ్‌లో పదకొండేళ్లుగా ముసలివాళ్లను చూసుకుంటోంది. భర్త దేవపాల్ వాళ్ల చర్చిలోనే పాటలు పాడే లవ్లీతో వెళ్లిపోయాక, రెండు వేల పదిహేనులో, తనే అడిగి నైట్ డ్యూటీ వేయించుకుంది. పగలైతే ఎవరో ఒకరు ఎదురుపడి ఓదార్చేవారు. ఆ ఓదార్పు ఆమె భరించలేకపోయింది.

ఆ హోమ్‌లో చియో అనే తొంభై ఏళ్ల జపాన్ ఆవిడ ఉండేది. యుద్ధం ముగిశాక తమ దేశానికి కాపలాకు వచ్చిన న్యూజిలాండ్ సైనికుణ్ణి పెళ్లాడి ఇక్కడికొచ్చింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. మతిమరుపు ముదిరింది. రాత్రి రెండింటికి లేచి తెల్ల నైటీతో తోటలోకి వెళ్లేది. ఒకసారి గ్రేసమ్మ వెనకే వెళ్లి చూస్తే, పోహుతుకావా చెట్టు బెరడును గోళ్లతో పెకలిస్తోంది. వేళ్లు నెత్తురోడుతున్నాయి.

లోపలికి తీసుకొచ్చి కట్టు కడుతుంటే, చియో ఆగి ఆగి చెప్పింది. ఎవరినైనా నాశనం చేయాలంటే తమ ఊళ్లో అర్ధరాత్రి దాటాక తెల్లబట్టలు కట్టి, తల మీద కొవ్వొత్తులు వెలిగించుకుని, గుడికి వెళ్లి, అక్కడి చెట్టుకు గడ్డిబొమ్మను ఆనించి మేకు కొట్టేవారట. అలా ఏడు రాత్రులు. ఎవరి కంటా పడకూడదు. తను ఇష్టపడ్డవాణ్ణి అక్క చేసుకుందని, ఇరవయ్యేళ్ల చియో అక్క పేరున ఏడు మేకులూ కొట్టింది. నెల తిరక్కుండా అక్క జ్వరంతో పోయింది.

చేతబడి మాటలు గ్రేసమ్మ చిన్నప్పటినుంచీ వింటున్నవే. ఎప్పుడూ నమ్మలేదు.

"జ్వరమొచ్చి పోయింది. నీ మేకు ఏం చేస్తుంది?" అంది.

"డాక్టరూ అదే అన్నాడు. అయినా పీకెయ్యాలి. ఒక చెయ్యి వేస్తావా?"

మర్నాటి రాత్రి గ్రేసమ్మే ఆమెను చెట్టు దగ్గరికి నడిపించింది. స్టోర్‌రూములోంచి తెచ్చిన ఒక మేకును ఆమె అరచేతిలో పెట్టి, ఊడొచ్చిందని చెప్పింది. చియో దాన్ని వరండా లైటు వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూసి, ఇది కొత్తదని తిరిగి ఇచ్చేసింది.

జూలైలో, అక్కడి చలికాలంలో, న్యుమోనియా వచ్చి చియో చనిపోయింది. చివరి వారమంతా మంచం చెక్కను గోకుతూనే ఉంది.

ఆగస్టులో పాస్టరమ్మ ఫోన్ చేసి, లవ్లీకి అయిదో నెలలో కడుపు పోయిందని చెప్పింది. లవ్లీ నెల తప్పిందని తెలిసిన రోజు నుంచీ గ్రేసమ్మ మోకరించి దేవుణ్ణి అడుగుతున్నది అదే. పేరు పెట్టి మరీ అడిగింది. దాన్ని ప్రార్థనే అనుకుంది.

ఆదివారం అన్నం, చారు డబ్బాల్లో పెట్టుకుని వాళ్ల ఫ్లాట్‌కు వెళ్లింది. దేవపాల్ పనికి వెళ్లాడు. లవ్లీ తలుపు తీసి, చూసి, ఏడ్చేసింది.

"మీ ఉసురే తగిలిందనుకున్నానక్కా. మీరే వచ్చారు."

"అలాంటివేమీ ఉండవు," అంది గ్రేసమ్మ.

చెప్పాలని వెళ్లింది చెప్పలేకపోయింది. అన్నం కలిపి పెడితే లవ్లీ నాలుగు ముద్దలు తింది. సింకులో గిన్నెలు కడిగేసి గ్రేసమ్మ బస్సెక్కింది.

ఆ తర్వాత కూడా చర్చికి వెళ్లడం మానలేదు. అందరూ మోకరించినప్పుడు మాత్రం కుర్చీలోనే ఉండిపోయేది. ఎవరైనా అడిగితే కీళ్లనొప్పులనేది.