మా ఆవిడ అడిగిన నిజం కత్తి

మా ఇంట్లో కత్తులకు కొదవ లేదు. అటక మీద రాజుల కత్తులు, మంచం కింద దొంగల బాకులు, బాల్కనీలో పాత కుర్చీ వెనకాల ఒక జానపద సినిమా నుంచి వెనక్కి వచ్చిన రెండు చేతుల ఖడ్గం. ఇన్ని ఉండి ఏం లాభం, వాటిలో ఒక్కదానితోనూ వంకాయ తెగదు. నేను ఫిల్మ్ నగర్‌లో షెడ్డు పెట్టుకుని సినిమాలకు ఆయుధాలు చేసి ఇస్తాను. ఫైబరు, రబ్బరు, వెండి రంగు, ఇవే నాకు తిండి పెట్టేవి. క్లోజప్పుల కోసం ఇనుముతో కూడా చేస్తాను గానీ అవీ మొద్దువే. షెడ్డులోంచి బయటికి వెళ్ళే ఏ కత్తికైనా ఆఖరి పని ఒకటే. అంచును ఆకురాయితో గుండ్రంగా రుద్దేయాలి, ఆ తర్వాత బొటనవేలితో ఈ కొస నుంచి ఆ కొస దాకా గట్టిగా నొక్కి చూసుకోవాలి. వేలికి ఏమీ కాకపోతేనే అది ఆర్టిస్టు చేతికి వెళుతుంది. హీరోగారి చేతికి గాటు పడితే ఆ రోజుకు షూటింగ్ ప్యాకప్, మర్నాటి నుంచి నాకూ ప్యాకప్.

ఆమధ్య ఒక సినిమాలో హీరోయిన్ పెద్ద హోటల్లో వంట చేస్తుంది. ఆమె చేతిలో కత్తి మీద నీటి అలల్లాంటి గీతలు కావాలని డైరెక్టర్ ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. దాన్ని డమాస్కస్ కత్తి అంటారట. రెండు రకాల ఉక్కును పొరలు పొరలుగా పేర్చి, కాల్చి, అంతా ఒకటే ముద్దయ్యేదాకా సుత్తితో కొడితే ఆ గీతలు లోపలి నుంచి వస్తాయట. నాకంత తీరికెక్కడిది? ఫైబర్ కత్తి మీద సన్న కుంచెతో గీతలు గీసి పారేశాను. మానిటర్‌లో చూసి అందరూ అబ్బో అన్నారు. ఆ గర్వంతో దాన్ని ఇంటికి పట్టుకొచ్చి మా ఆవిడకు చూపించాను. బుద్ధి ఉన్నవాడెవడూ చెయ్యని పని.

అప్పటికి ఆవిడ వంట మానేసి చాలా రోజులైంది. మోకాలికి ఆపరేషన్ అయ్యాక డాక్టర్ కింద కూర్చోవద్దన్నాడు. కింద కూర్చోకపోతే కత్తిపీట లేదు, కత్తిపీట లేకపోతే ఆవిడ లెక్కలో వంటే లేదు. తెనాలి పక్కన పుట్టిన మనిషి. ఆవిడ బెండకాయలు తరిగితే ఒక ముక్క ఇంకో ముక్కకంటే లావుండదు. నిలబడి తరుక్కోమని బజార్లో దొరికే చాకులన్నీ తెచ్చాను. ఒకటి టమాటాను నలిపేసింది. ఇంకొకటి చేతిలో నిలవలేదు. ఆన్‌లైన్‌లో తెప్పించిన జపాన్ చాకును ఆసుపత్రి సామానులా ఉందని సొరుగులో పడేసింది. "తరగడం మన చేత్తో కాకపోతే అది మన కూరెలా అవుతుందండీ" అని వంటింటి లైటు ఆర్పేసింది. అప్పట్నుంచి కర్రీ పాయింట్ ప్యాకెట్లే. ఆ దొండకాయ వేపుడును ఆవిడ వేలితో కెలికి, "ఎట్లా పడితే అట్లా కోశాడు" అని తనలో తాను అనుకునేది. అది వింటే నేను కంచం పక్కకు జరిపేసేవాణ్ణి.

ఆవిడ నా ఫైబర్ కత్తిని అటూ ఇటూ తిప్పింది. గీతల మీద వేలు పోనిచ్చింది. చాలా బావుందంది. ఫ్రిజ్‌లో ఎందుకో మిగిలిపోయిన వంకాయ ఒకటి తీసి, దాని మీద కత్తి పెట్టి నొక్కింది. కత్తి వంగింది. వంకాయకు ఏమీ కాలేదు.

"ఇన్నేళ్ళూ ఊళ్ళో రాజులందరికీ చేసిపెట్టారు" అంది. "నాకొక్కటి చెయ్యండి. ఇవే గీతలుండాలి, తెగాలి. అప్పుడొస్తాను వంటింట్లోకి."

"మాట మీద నిలబడతావా?"

"నేనేమన్నా సినిమా వాళ్ళ మనిషినా, మాట మార్చడానికి?"

ఒళ్ళు మండింది. ఆ మంటలోనే సంతోషం కూడా వేసింది. ఆవిడ ఏదైనా కావాలని అడిగి ఎన్ని నెలలైందో.

మర్నాడు పొద్దున్నే టోలిచౌకి వెళ్ళాను. అక్కడ నా దోస్తు ఒకడున్నాడు. లారీల కింద బరువు మోసే కమాన్ పట్టీలు సరిచేసే షాపు వాడిది. ఒకప్పుడు నాతో సెట్లకు ఇనప పని చేసేవాడు. వాడికి కొలిమి ఉంది, సుత్తులున్నాయి, అన్నిటికన్నా ఎక్కువగా బడాయి ఉంది.

"వదినకు కత్తా?" అన్నాడు. "జర కూసో అన్నా. ఉక్కు అన్నది మా ఖాందాన్ రక్తంల ఉన్నది. ఫికర్ చెయ్యకు."

"ఎప్పుడైనా చేశావా ఇలాంటిది?"

"చెయ్యలె. గని చెయ్యొస్తది."

ఇద్దరం ఫోన్లో వీడియో పెట్టుకుని చూశాం. అందులో ఆయన మాట్లాడే భాష మాకిద్దరికీ రాదు. అయినా మా దోస్తు ప్రతి ముక్కకూ తలూపి, "చూసినవా, నేను గదే చెప్పిన" అనేవాడు. లారీ కమాన్ పట్టీ ముక్కలు నల్ల గీతకు, సామిల్లులో పారేసిన రంపపు బ్లేడు ముక్కలు తెల్ల గీతకు. ఒకదాని మీద ఒకటి పేర్చి, అంచులు వెల్డింగ్ పెట్టి కొలిమిలో పెట్టాం. పసుపుపచ్చగా కాగాక, అతుకు పట్టడానికి వెలిగారం చల్లి కొట్టడం మొదలుపెట్టాం. వాడొక దెబ్బ, నేనొక దెబ్బ. నా నడుం ఏమైందని అడక్కండి. చల్లారాక చూస్తే ఆ ముద్ద పాత పుస్తకంలా పేజీలు పేజీలుగా విచ్చుకుంది.

ఎందుకు అతకలేదో తెలిశాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పేర్చే ముందు ముక్కల తుప్పంతా రుద్ది అద్దంలా చేశాం గదా, బయటికి కనిపించే వైపు మాత్రమే చేశాం. లోపలి వైపుల తుప్పు తుప్పులాగే ఉంది. మా ఇద్దరి బతుకూ సెట్లలోనే గడిచింది. అక్కడ రాజమహలుకు ముందు గోడ ఉంటుంది గానీ వెనక గోడ ఉండదు. కెమెరా చూడని వైపు రంగు వేస్తే ప్రొడక్షన్ మేనేజర్ తిడతాడు. ఉక్కుకు ఆ సంగతి తెలియదు పాపం.

"గిది కెమెరా కాదన్నా" అన్నాడు వాడు, చాలా గంభీరంగా, నాకేదో పాఠం చెబుతున్నట్టు. నేను నవ్వలేక చచ్చాను.

రెండోసారి అన్ని వైపులా రుద్దాం. ఈసారి కొడుతుంటే మొదట లొటలొటమన్న ముద్ద, ఒక దెబ్బ దగ్గర చప్పుడు మార్చుకుంది. ఒక్కటే గట్టి చప్పుడు. సుత్తి ఆపి వాడు నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను. అతికింది. పిచ్చి సంతోషం వేసింది నాకు. ఈ వయసులో, ఆ మసిలో, లుంగీ ఎగ్గట్టుకుని రోడ్డు మీదికి వచ్చి ఒక స్టెప్పు వేశాను. టీ కొట్టువాడు చూసి, "ఏం పిక్చర్ సార్?" అన్నాడు. ఆ తర్వాత పని ఎలా సాగిందో కూడా సరిగ్గా గుర్తు లేదు. సాగగొట్టాం, మధ్యకు నరికాం, మడతపెట్టి మళ్ళీ కాల్చి కొట్టాం, చెయ్యి పడిపోయేదాకా కొట్టాం. మర్నాడు మళ్ళీ కొట్టాం.

కత్తి ఆకారం వచ్చాక ఎర్రగా కాల్చి పల్లీ నూనెలో ముంచాం. భగ్గున మంట లేచింది, వీధంతా కమ్మటి వాసన. దారినపోయే ఒకాయన స్కూటర్ ఆపి, "భాయ్, మిర్చి అయినయా?" అని అడిగాడు. మా దోస్తు ఏమాత్రం తడుముకోకుండా, "జర టైం పడతది" అన్నాడు. ఆయన నిజంగానే కాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత కత్తిని దోస్తు వాళ్ళింట్లో కేకులు చేసే ఓవెన్లో పెట్టి ఉక్కు పెళుసుతనం తగ్గించాం. వాళ్ళావిడ తిట్టిన తిట్లు నేనిక్కడ రాయను.

చివరికి అంచు తీసి, నునుపు చేసి, సర్క్యూట్ బోర్డులు చేసేవాళ్ళు వాడే ద్రావకంలో ముంచాం. పైకి తీసి నీళ్ళు పోస్తే అప్పటిదాకా బోడిగా ఉన్న ఉక్కు మీద గీతలు తేలుతూ వచ్చాయి. అలలు, సుడులు, ఒకచోట వేలిముద్రలాంటిది. ఒక్కటీ నేను గియ్యలేదు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా దోస్తు సానరాయి మీద పదును పెట్టి, పేపర్లో సినిమా పేజీ పట్టుకుని కత్తిని మెల్లగా ఆనించాడు. కొత్త సినిమా హీరో సగానికి తెగి కిందపడ్డాడు.

"ఇగ వొయ్యి వదినకియ్యి" అన్నాడు.

ఆ పేపర్లోనే చుట్టి ఆటో ఎక్కాను. జూబ్లీ హిల్స్ ఎక్కుడులో ట్రాఫిక్ ఆగితే, ఆగలేక విప్పి చూసుకుంటున్నాను. డ్రైవరు అద్దంలో చూశాడు.

"ఏ సినిమాది అన్నా?"

"సినిమాది కాదు బాబూ, నిజంది. మా ఆవిడ కోసం."

అతను అద్దాన్ని పక్కకు తిప్పేశాడు. నన్ను దింపి మీటరు కూడా చూడకుండా ఇచ్చింది పుచ్చుకుని వెళ్ళిపోయాడు.

పిడి నా షెడ్డులో బిగించాను. ఎప్పుడో ఒక సింహాసనం చేతికి వేసిన రోజ్‌వుడ్ ముక్క దాచి ఉంచాను, దాన్ని ఆవిడ గుప్పిటకు సరిపోయేలా చెక్కాను. ఆనందంతో నోరు ఊరుకోలేదు. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మా దోస్తుతో ఒకటే కబుర్లు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. తుడిచాను, కొత్త గుడ్డలో చుట్టాను, ఇంటికి నడిచాను.

ఇంట్లో వంటింటి గట్టు మీద గుమ్మడికాయ ఉంది. పచ్చగా, ఇంత లావున. ఆవిడ కాటన్ చీర కొంగు బిగించి, చేతికర్ర గోడకు ఆనించి నిలబడింది. వంటింట్లో లైటు వెలుగుతోంది.

"మీ సినిమావాళ్ళు పనయిపోతే గుమ్మడికాయే కదా కొడతారు" అంది. "దప్పళం పెడతాను. ముందు మీరు కొట్టివ్వండి." నిండు గుమ్మడికాయకు ఆడవాళ్ళు మొదటి గాటు పెట్టకూడదని ఆవిడ పట్టింపు. వాళ్ళమ్మ దగ్గర్నుంచి వచ్చింది.

గుడ్డ విప్పాను. గీతలు చూసి ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నేను కథానాయకుడిలా కత్తి ఎత్తి గుమ్మడికాయ మీద పెట్టి నొక్కాను. జారింది. మళ్ళీ నొక్కాను. తొక్క మీద ఒక నొక్కు పడింది, అంతే. బలమంతా పెట్టాను. గుమ్మడికాయ గట్టు మీద దొర్లి సింకులో పడింది.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పోన్లెండి, గీతలు బాగా వచ్చాయి" అని చేతికర్ర అందుకుని, రెండో చెయ్యి స్విచ్చు వైపు చాపింది.

పేపరును కోసిన కత్తి గుమ్మడికాయను కొయ్యదా? అప్పుడు నా బొటనవేలు చూసుకున్నాను. వేలి మీద బూడిదరంగు ఇనప పొడి. ఒక గాటు లేదు. ఫోన్లో కబుర్లు చెబుతూ నా చేతులు చేసిన పని ఇదన్నమాట. ఆర్టిస్టు చేతికి ఇచ్చే ముందు చేసే ఆఖరి పని. నిజం ఉక్కును ఇన్ని రోజులు కొట్టి, కాల్చి, ఏడ్చి తయారుచేసి, ఆకురాయితో అట్టకత్తి చేసి పట్టుకొచ్చాను.

"లైటు ఆర్పకు" అన్నాను. సంగతి చెప్పాను.

ఆవిడ నన్ను చూసింది, కత్తిని చూసింది, సింకులో గుమ్మడికాయను చూసింది. అప్పుడు నవ్వు మొదలైంది. మోకాలి నొప్పి మర్చిపోయి, గట్టు పట్టుకుని, ఊపిరాడక నవ్వింది. "అయ్యో రాత. నన్ను కూడా హీరోయిన్ని చేసేశారా" అంది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. నాకూ ఆగలేదు.

పనిముట్ల సంచి గట్టు మీద బోర్లించి సానరాయి తీశాను. ఆవిడ పక్కన నిలబడి చెంబుతో కొంచెం కొంచెంగా నీళ్ళు పోసింది. నేను రుద్దాను. మధ్యమధ్య ఆవిడ కొంగు చివర దారప్పోగు లాగి అంచు మీద వేసేది. తెగకపోతే "ఊఁ, ఇంకా" అనేది. చివరికి పోగు దానంతటదే రెండైంది.

గుమ్మడికాయ ఈసారి ఒక్క నొక్కుకే పెళ్ళున విచ్చుకుంది. వంటిల్లంతా పచ్చి వాసన. కత్తి ఆవిడ చేతికిచ్చాను. పిడిని రెండుసార్లు పట్టి చూసుకుని, తలవంచి కొయ్యడం మొదలుపెట్టింది. ముక్క తర్వాత ముక్క, అన్నీ ఒకే లావు, నిలబడే. నా వైపు చూడను కూడా చూడలేదు.

ఉన్నట్టుండి ఆగింది. ఎడమ చూపుడు వేలి మీద సన్నటి ఎర్ర గీత, దాని చివర ఒక చుక్క. సినిమాల కోసం బక్కెట్ల కొద్దీ రక్తం కలిపినవాణ్ణి, ఆ ఒక్క చుక్కను చూడలేకపోయాను. నా చెయ్యి దానంతటదే గట్టు మీదున్న ఆకురాయి వైపు వెళ్ళింది.

ఆవిడ కత్తిని వీపు వెనక్కి తీసుకుంది.

"దీని జోలికొస్తే ఊరుకోను" అంది, వేలు నోట్లో పెట్టుకుని, కళ్ళతో నవ్వుతూ. "వెళ్ళి చింతపండు నానబెట్టండి."